మేర గింజలు, వడ్రంగి పాక

మా చిన్నప్పుడు వేమూరు చుట్టుపక్కల పల్లెల్లో వడ్రంగికి రోజుకూలి లేదు. మేర ఉండేది. పుష్యమాసంలో కుప్పలు నూర్చి, వడ్లు తూర్పారబట్టి, రాశి పోశాక వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి కల్లం దగ్గరికి వచ్చేవాళ్ళు. ఎన్ని అరకల సేద్యమైతే ఆ లెక్కన వడ్లు కొలిచి పోసేవాళ్ళు. ఆ గింజలు తీసుకున్నందుకు ఏడాది పొడుగునా ఆ రైతు నాగలి, కాడి, గుంటక, బండి ఏది పాడైనా బాగుచేసే పూచీ వడ్రంగిది. కొత్త బండి కట్టినా, కొత్త ఇంటికి ద్వారబంధం నిలబెట్టినా దానికి వేరే బేరం ఉండేది. మరమ్మతుకి మాత్రం చేతికి పైసా ఇచ్చే పని లేదు.

ఈ ఏర్పాటులో మంచి పనితనాన్ని నిలబెట్టే లెక్క ఒకటి దాగి ఉంది. ఏడాదికొకసారి కొలిచిన వడ్లే తన సంపాదన అయినప్పుడు, అదే నాగలి నాలుగుసార్లు పాకకి తిరిగొస్తే నష్టపోయేది వడ్రంగే. కాబట్టి మేడి బిగించేటప్పుడే ఊడిరాకుండా బిగించేవాడు. ఎప్పటికైనా విరిగేదే కనుక, విరిగిన ముక్క ఒక్కటే తీసి కొత్తది పెట్టుకునే వీలుండేట్టు చేసేవాడు. వస్తువు మన్నికకి ఇంతకంటే గట్టి హామీ ఈ రోజుల్లో ఏ కంపెనీ రాసిచ్చిన కాగితంలోనూ నాకు కనబడలేదు.

మా ఊరి పాక చెరువుగట్టు మీద ఉండేది. తాటాకు కప్పు, ముందు చిన్న పందిరి, నేలంతా చెక్కపొట్టు. చెరువులో ఎప్పుడూ నల్లతుమ్మ మొద్దులు మునిగి ఉండేవి. ఆ మొద్దుల మీద నిలబడి మేం ఈతలు కొట్టేవాళ్ళం. పచ్చికర్రలో ఉండే పస నీళ్ళలోకి దిగిపోతే పురుగు పట్టదు. ఒక వానాకాలమంతా నానబెట్టి, తీసి, నీడలో ఆరబెట్టేవాళ్ళు. ఆరేటప్పుడు మొద్దు రెండు కొసలకీ పేడ మెత్తడం మాకు వింతగా ఉండేది. ఎందుకని అడిగితే మా ఊరి వడ్రంగి ఆచారి తాత చెప్పాడు: "కొసలు ముందు ఆరిపోతాయిరా అబ్బాయ్. నడుము ఆరేలోపు అక్కడ నెర్రె ఇస్తుంది. అన్నీ కలిసి ఆరాలి." ఆరాక పైనున్న తెల్లకర్రని చెక్కి పారేసి ఎర్రగా, నల్లగా ఉన్న చేవ మాత్రం పనిలోకి తీసుకునేవాడు. ఇప్పుడు కలప అడితిలో పచ్చికర్ర కొని నెల తిరక్కుండా తలుపులు చేయించి, అవి మెలికలు తిరిగాయని బాధపడేవాళ్ళని చూస్తే నాకు ఆ పేడ మెత్తిన మొద్దులు గుర్తొస్తాయి.

ఈ ప్రాంతంలో వడ్రంగి పాకలకి అంత పని ఉండటానికి పెద్ద కారణం కృష్ణ నీళ్ళు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి, పడమటి కాలవలకి నీళ్ళు వచ్చాక తెనాలి, రేపల్లె, బాపట్ల చేలు వరిమాగాణి అయ్యాయి. మాగాణి అన్నాక దుక్కి, దమ్ము, ధాన్యం మోత. ఇవన్నీ కర్రపనితో నడిచేవే. కొమ్మమూరు కాలవలో పడవలు, బాటమీద బండ్లు, 1916 నుంచి తెనాలి–రేపల్లె రైలు. స్టేషను దాకా ధాన్యం చేర్చాల్సింది మాత్రం రెండెడ్ల బండే. రోహిణి కార్తె వచ్చేసరికి పాక ముందు నాగళ్ళు, కాళ్ళు విరిగిన గుంటకలు, ఒంటిచక్రం బండ్లు వరసగా నిలబడి ఉండేవి. కాలవకి నీళ్ళు వదిలే లోపు అన్నీ తయారు కావాలి. ఆ నెల రోజులూ పాకలో దీపం పెట్టుకుని పని చేసేవాళ్ళు.

పనిముట్లు చూస్తే పెద్ద సంఖ్యేం కాదు. బాడిశ, గొడ్డలి, రెండు మూడు రంపాలు, అరడజను ఉలులు, చిత్రిక, తాడుతో తిప్పే బరమా, చింతకర్ర సుత్తి, మూలమట్టం, సానరాయి. వీటిలో బాడిశకే అగ్రతాంబూలం. దూలం చదును చేయాలన్నా, మేడి వంపు తీయాలన్నా, మేకు కొట్టాలన్నా అదే. ఆచారి తాత కర్ర మీద నిలబడి కాలి బొటనవేలికి అంగుళం దూరంలో బాడిశ దింపుతూ, మాతో మాట్లాడుతూనే ఉండేవాడు. ఆ వేలికి ఒక్క గాటు ఉండేది కాదు.

ఈ ఇనుమంతా చాలావరకు రెండో జన్మ ఎత్తిందే. తెనాలి బజారులో పాత ఇనుము కొట్ల నుంచి లారీ కమాను పట్టీలు తెచ్చి కమ్మరి చేత బాడిశలు చేయించేవాళ్ళు. అరిగిపోయిన ఆకురాళ్ళు ఉలులయ్యేవి. కమాను పట్టీలోనూ ఆకురాయిలోనూ ఉన్నది మామూలు ఇనుము కాదు, పదును నిలిపే ఉక్కు. కొలిమిలో ఎర్రగా కాల్చి కొసని మాత్రం నీళ్ళలో ముంచి తీసేవాడు కమ్మరి. వెంటనే రాతిమీద రుద్ది మెరుగు పెట్టి కళ్ళు చిట్లించి చూసేవాడు. వెనక మిగిలిన వేడి కొస వైపుకి పాకుతుంటే ఆ మెరుగు మీద రంగులు నడిచి వస్తాయి. ముందు లేత పసుపు, తర్వాత గోధుమ రంగు, ఆపైన ఊదా, నీలం. కొస ఎండుగడ్డి రంగుకి రాగానే మళ్ళీ నీళ్ళలో ముంచేసేవాడు. ఒక్క క్షణం ముందైతే ఉలి పెళుసుగా ఉండి అంచు రాలిపోతుంది. ఆలస్యమై నీలం వచ్చిందంటే పదును నిలవదు. వడ్రంగి పక్కనే నిలబడి, "ఇంకొంచెం... ఇప్పుడు" అనేవాడు. పనిముట్టు వాడేవాడూ చేసేవాడూ ఒకే కొలిమి దగ్గర నిలబడి ఒకే రంగు కోసం చూసిన ఆ నిమిషాలంటే నాకు చాలా గౌరవం.

బండి చక్రానికి పట్టా వేసే రోజు ఊళ్ళో పిల్లలకి బడి ఉండేది కాదనే చెప్పాలి. చక్రంలో నడుమ కుండ, దానిలోంచి పన్నెండు ఆకులు, వాటి కొసలని కలుపుతూ ఆరు పూటీలు. ఒక్కో పూటీకి రెండేసి ఆకులు దిగుతాయి. దీనిలో ఎక్కడా జిగురు లేదు, ఒక్క మేకు లేదు. అంతా బెజ్జంలో నాలుక దిగి నిలబడటమే. దాన్ని బిగించి పట్టుకోవాల్సింది పైన వేసే ఇనప పట్టా. పట్టాని చక్రం చుట్టుకొలత కంటే కొద్దిగా తక్కువ చేసి అతికించేవాళ్ళు. చల్లగా ఉండగా అది ఎక్కదు. ఐదడుగుల చక్రం చుట్టూ వచ్చే పట్టా దాదాపు పదహారడుగులు. పిడకల మంటలో ఎర్రబారితే అది ఒక అంగుళం పైన సాగుతుంది. ఆ అంగుళంలోనే ఉంది విద్యంతా.

పిడకలు గుండ్రంగా పేర్చి, మధ్యలో పట్టా పెట్టి, మళ్ళీ పిడకలు కప్పి నిప్పంటించేవాళ్ళు. మేం బిందెలతో, బక్కెట్లతో చెరువు నీళ్ళు మోసి వరసగా పెట్టాలి. కమ్మరి "ఎత్తండి" అనగానే పొడుగాటి పట్టకార్లతో నలుగురు పట్టాని లేపి చక్రం మీద దింపేవాళ్ళు. ఇనుము తగిలిన చోటల్లా కర్ర భగ్గుమనేది. సుత్తి దెబ్బలు, "నీళ్ళు, నీళ్ళు" అన్న కేకలు. నీళ్ళు పడగానే తెల్లటి ఆవిరి లేచి ఎవరికి ఎవరూ కనబడేవాళ్ళు కాదు. ఆ ఆవిరిలోంచి చక్రం చప్పుళ్ళు వినబడేవి. పట్టా కుదించుకుంటూ పూటీలని, ఆకులని కుండలోకి నొక్కుతుంటే ప్రతి అతుకూ టక్‌టక్‌మని బిగుసుకునేది. చల్లారాక వడ్రంగి ఒక్కో ఆకునీ కర్రతో తట్టి వినేవాడు. పన్నెండూ ఒకే శ్రుతిలో పలకాలి. ఒకటి మొద్దుగా పలికిందంటే అది లోపల సరిగ్గా ఆనలేదన్న మాట.

ఎండాకాలంలో కర్ర ఆరి పట్టా వదులైతే బండిని కాలవలోకి దింపి చక్రాలు నానబెట్టేవాళ్ళు. అది తాత్కాలికమే అని అందరికీ తెలుసు. మరీ వదులైతే పట్టాని కోసి, కాస్త తగ్గించి, అతికి మళ్ళీ వేసేవాళ్ళు. ఆకు ఒకటి విరిగితే ఆ ఒక్క ఆకే మారేది. ఇరుసుకి ఆముదం, మసి కలిపిన కందెన. ఈ పద్ధతిలో ఒక బండి తండ్రి చేతినుంచి కొడుక్కి వచ్చేది. అప్పటికి దానిలో మొదటినాటి కర్ర ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు గాని, అది ఆ బండే.

ఇంటి మరమ్మతుల్లో ఆచారి తాత దగ్గర నేను నేర్చుకున్నవి ఇప్పటికీ నా ఇంట్లో పనికొస్తున్నాయి. వర్షాకాలంలో పెరటి తలుపు బిగుసుకుపోయింది. "ఆచారీ, తలుపు పడటం లేదయ్యా, కాస్త చిత్రిక పట్టిపో" అని మా నాయనమ్మ కబురు పెట్టింది. ఆయన వచ్చి ముందు మడతబందులు చూశాడు. ఒక మర వదులైతే బిగించాడు. అంచుకి మైనం రుద్దాడు. చిత్రిక సంచిలోంచి తీయలేదు. "శ్రావణంలో ఉబ్బిన తలుపుని కోయకూడదమ్మా. ఇప్పుడు కోస్తే మాఘంలో ఆ సందులోంచి పిల్లి దూరుద్ది" అన్నాడు. కర్ర పొడుగున పెరగదు, అడ్డంగా పెరుగుతుంది, తగ్గుతుంది. పాత తలుపుల్లో చట్రం మధ్య పలకని మేకులతో బిగించకుండా గాడిలో వదులుగా వదిలేది అందుకే. దానికి ఊపిరాడే చోటు కావాలి. ఇది తెలియక అందంగా ఉంటుందని గాడి నిండా జిగురు పోసి బిగించిన పలకలు ఎండాకాలంలో నడుముకి పగలడం నేను ఎన్నో ఇళ్ళలో చూశాను.

గొడ్డలి పిడి ఊగుతుంటే మనలో చాలామంది చేసే పని, రాత్రంతా నీళ్ళ బక్కెట్లో పెట్టడం. తెల్లారేసరికి గట్టిగా ఉంటుంది. నాలుగు రోజులు పోయాక మునుపటికంటే ఎక్కువ ఊగుతుంది. ఉబ్బిన కర్ర ఇనప కంతలో నొక్కుకుపోయి, ఆరాక ఇంకా సన్నబడుతుంది. పిడి పైకొసన రంపంతో చీలిక కోసి, బాగా ఎండిన గట్టికర్ర చీలని దానిలోకి దిగ్గొట్టడమే సరైన దారి. మేకు కొడితే పిడి చీలుతుంది, ఆ మేకు తర్వాత బయటికి రాదు.

ఉలి పదును సంగతి. వెనక వైపు బల్లపరుపుగా ఉండాలి. ముందు సానరాయి మీద నీళ్ళు చిలకరించి ఆ వీపుని రుద్దాలి, తర్వాతే ఏటవాలు వైపు. రుద్దుతుంటే అవతలి అంచున వేలికి సన్నటి గరుకు తగులుతుంది. అది అంచు పొడుగునా తగిలేదాకా ఆపకూడదు. తర్వాత వీపు తిప్పి ఒకటి రెండు సార్లు తేలిగ్గా లాగితే ఆ గరుకు రాలిపోతుంది. పదును చూడటానికి అంచుని బొటనవేలి గోరు మీద ఊరికే ఆనించాలి. జారిపోతే ఇంకా మొద్దుగా ఉన్నట్టు. గోరుని పట్టుకుంటే చాలు. మొద్దు ఉలికే ఎక్కువ బలం పెట్టాలి, ఎక్కువ బలం పెట్టినప్పుడే చెయ్యి తెగుతుంది. అందుకని పిల్లల చేతికి మొద్దు పనిముట్టు ఇవ్వకూడదన్నది ఆయన పట్టుదల. ఇంకో పట్టుదల, రెండో చెయ్యి ఎప్పుడూ ఉలి ముందు ఉండకూడదని. రంపానికైతే మూడుపలకల ఆకురాయితో ఒక్కో పన్నూ రుద్ది, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి కొద్దిగా వంచాలి. అలా వంచితే గాటు రంపపు రేకు కంటే వెడల్పుగా పడి, రంపం ఇరుక్కోకుండా నడుస్తుంది.

పాకలో ఒక మూల ఎప్పుడూ కుంపటి మీద నీళ్ళగిన్నె, ఆ గిన్నెలో మరో చిన్న గిన్నె. అందులో వజ్రం కాగేది. తోళ్ళూ ఎముకలూ ఉడికించి తీసిన ఆ జిగురు వాసన భరించలేక మేం ముక్కు మూసుకునేవాళ్ళం. కుర్చీ కాలు వదులైతే తడిగుడ్డ, వేడి తగిలించి అతుకు విప్పి, పాత జిగురు గీకి, కొత్తది రాసి, తాడుతో మెలేసి కట్టి ఆరబెట్టేవాడు. వజ్రం వేడికీ తడికీ లొంగి వదిలేస్తుంది. కాబట్టి ఆ కుర్చీని ఎన్నిసార్లయినా విప్పి కట్టొచ్చు. 1959లో ఫెవికాల్ వచ్చింది. తెల్ల జిగురు. కాచే పని లేదు, వాసన లేదు, పట్టు గట్టిది. మంచిదే. కాని అది పట్టిన అతుకుని విప్పడం కష్టం. విప్పి బాగుచేసే రోజు ఒకటి వస్తుందన్న ఆలోచన మొదట పోయింది జిగురు గిన్నె లోంచే అని నాకనిపిస్తుంది.

రేపల్లె దాటి నిజాంపట్నం వైపు వెళ్తే కర్రపని వేరు. అక్కడ ఉప్పుగాలి. బాపట్ల సూర్యలంక దగ్గర ఇంటి కిటికీ మేకు కూడా తొందరగానే తుప్పు పట్టి తల ఊడిపోతుంది. సముద్రం ఒడ్డున పడవలు చేసేవాళ్ళు పలకల మధ్య సందుల్లో నూలు పీచు కూరి, గుగ్గిలం నూనెలో మరగించి పూసేవాళ్ళు. ఏటా పడవని ఒడ్డుకి లాగి, పాతది గీకి మళ్ళీ పూయాలి. మరమ్మతు అనేది పాడయ్యాక చేసేది కాదని, పడవతో బతికేవాళ్ళకి అది ఏటేటా వచ్చే ఋతువని అక్కడ చూసి తెలుసుకున్నాను. ఆ ఒడ్డున ఇప్పుడు ఫైబర్ పడవలు ఉన్నాయి. వాటికి బరువు తక్కువ, పురుగు పట్టే భయం లేదు. జాలరులు వాటిని ఎంచుకోవడంలో తప్పేమీ లేదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమనీ రేపల్లె తీరాన్నీ ఊడ్చేసింది. పది వేలమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత నెలల తరబడి మా వైపు వడ్రంగులు సొంత పాకలు వదిలేసి తీరం ఊళ్ళకి వెళ్ళి పని చేశారు. కూలిన తాటిచెట్లని కోతరంపాలతో చీల్చి దూలాలు, వాసాలు తీశారు. తాటి మానులో నడుమ ఉన్న మెత్తటి భాగం తీసేసి, అంచున నల్లటి నార ఉన్న చేవ మాత్రమే ఇంటికి ఎక్కించాలి. అప్పట్లో ఆ పని చేసినవాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఉండాల్సింది.

మార్పు ఒక్కసారిగా రాలేదు. ముందు టైరు బండ్లు వచ్చాయి. పూటీలతో, ఆకులతో పని తగ్గింది. తర్వాత ట్రాక్టరు, దమ్ముచక్రాలు. నాగలి చూరుకెక్కింది. వడ్రంగికి ఇచ్చే మేరలో కోత పడింది, తర్వాత మానేశారు. ప్లైవుడ్డు, ఇనప తలుపులు, ప్లాస్టిక్ కుర్చీలు మిగతాది చూసుకున్నాయి. ఈ రోజు తెనాలిలో ఇంటికి అరమరలు చేయించాలంటే రాజస్థాన్ నుంచో బీహార్ నుంచో వచ్చిన కుర్రాళ్ళు కరెంటు రంపంతో రెండు రోజుల్లో బిగించి వెళ్తారు. పని నున్నగా ఉంటుంది. పదేళ్ళ తర్వాత నీళ్ళు తగిలి అడుగు పలక ఉబ్బితే దాన్ని ఒక్కదాన్నే మార్చే దారి అందులో ఉండదు. ఆ కుర్రాళ్ళు అప్పుడు ఎక్కడుంటారో తెలియదు.

పాత రోజులే మేలని నేననడం లేదు. మేర పద్ధతిలో బేరమాడే హక్కు వడ్రంగికి లేదు. పంట పోయిన ఏడు రైతు చెయ్యి ముడుచుకుంటే ఆయన ఇల్లు పస్తుండేది. పని ఆపడానికి వీల్లేదు. కులం పేరుతో కట్టిపడేసిన చాకిరీ అది. ఆయన కొడుకులు బాడిశ వదిలి చదువుకుని ఉద్యోగాలకి వెళ్ళారు, వెళ్ళడమే న్యాయం. నా బాధ చెయ్యి మారినందుకు కాదు, చేతిలోని విద్య ఎవరికీ అందకుండా పోతున్నందుకు. మంచి కూలి ఇచ్చి, ఏ కులం పిల్లలకైనా నేర్పించి ఆ విద్యని నిలుపుకుని ఉండొచ్చు. మనం ఆ పని చేయలేదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులు, పడవలు చేసేవాళ్ళు ఉన్నారు. శిక్షణలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇచ్చే ఏర్పాటు పెట్టారు. అర్హత ఉన్నవాళ్ళు మీ ఊళ్ళో ఉంటే వాళ్ళకి చెప్పండి.

మీ ఇంటి అటక మీద తాతగారి కాలపు ఉలో, బాడిశో ఉంటే దాన్ని పాత ఇనుము కింద కిలోల లెక్కన అమ్మకండి. ఒక రాత్రి కిరసనాయిలులో ఉంచి, తెల్లారి ఇటుకముక్కతో, తర్వాత ఉప్పుకాగితంతో తుప్పు వదిలించండి. సానపట్టి ఆముదం చుక్క రాసి గుడ్డలో చుట్టి పెట్టండి. దానిలోని ఉక్కు ఇప్పుడు బజారులో దొరికే చాలా ఉలులకంటే మేలుగా ఉంటుంది. తెనాలి, వేమూరు, భట్టిప్రోలు, చెరుకుపల్లి, రేపల్లె, బాపట్ల పల్లెల్లో డెబ్భై దాటిన వడ్రంగులు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. ఈ వేసవి సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. నాలుగు రోజుల కూలి ముందే చేతిలో పెట్టి, మేకు లేకుండా ఒక పీట చేయించుకోండి. చేసేటప్పుడు పిల్లల్ని పక్కనే కూర్చోబెట్టండి. పనిముట్ల పేర్లు అడిగి రాసుకోండి, చేతుల్ని వీడియో తీయండి. వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి.